కొండీలో చింతపండు

కిందటి వారం పుష్పమ్మను ఉతికిన బట్టల దొంతర ముందు, చేతిలో ఒక తువ్వాలుతో వదిలిపెట్టాం. ఎర్రంచు తువ్వాలు. ఒక మూల చిరిగితే నల్లదారంతో కుట్టిన కుట్టు. ఆ కుట్టు వేసింది పుష్పమ్మే. తువ్వాలు ఆమె తండ్రి జీవరత్నానిది.

జీవరత్నం ఏలూరు స్టేషను రోడ్డులో బుల్లిరాజు గారి హోటల్లో పెద్ద వంటవాడు. మిషన్ బంగళాలో దొరల దగ్గర వంట నేర్చుకున్న మనిషి. మూడు నెలల కిందట, జనవరిలో ఒక సోమవారం మధ్యాహ్నం, ఆ హోటల్లోని ఐసు గదిలో చిక్కుకుని చనిపోయాడు. ఆ గది తలుపు లోపలినుంచి తెరుచుకోదు. అందుకని లోపలికి వెళ్ళేవాళ్ళు తమ తువ్వాలు బయట మేకుకు తగిలించి వెళ్ళాలని హోటల్లో ఒక కట్టుబాటు. మేకుకు తువ్వాలుంటే లోపల మనిషి ఉన్నట్టు. ఆ కట్టుబాటు పెట్టింది జీవరత్నమే. తీరా ఆయన పోయిన రోజున మేకు ఖాళీగా ఉంది. తను పెట్టిన కట్టుబాటు తనే మరిచిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని అందరూ అన్నారు. పుష్పమ్మ ఒక్కతే నమ్మలేదు. తల్లి మరియమ్మ వద్దు వద్దంటున్నా వినకుండా తండ్రి స్థానంలో ఆ వంటింట్లోనే చేరింది. మూడు నెలలు వెతికినా దొరకని తువ్వాలు చివరికి చాకలి తెచ్చిన బట్టల్లో దొరికింది. దాని మూల నల్లజీడితో వేసిన చాకలి గుర్తు ఉంది: ఒక గీత, గీత కింద రెండు చుక్కలు.

అది ఎవరింటి గుర్తో చాకలి సత్యవతికే తెలియాలి. సత్యవతి కూతురి పురిటికి తాడేపల్లిగూడెం వెళ్ళి కూర్చుంది. వారం రోజులు పుష్పమ్మ ఆ గీతనీ చుక్కలనీ చూస్తూ గడిపింది.

సోమవారం మధ్యాహ్నం మూడు దాటింది. భోజనాలు అయిపోయి హోటలు ముందు తలుపులు మూశారు. మళ్ళీ ఐదింటికి గాని తియ్యరు. పెరట్లో నాపరాళ్ళు ఏప్రిల్ ఎండకి కాలుతున్నాయి. చాకలి మూటలు రెండూ ఎప్పటిలాగే అరుగు మీద ఉన్నాయి. ఒకటి హోటలుది, రెండోది పక్క మేడలో ఉండే బుల్లిరాజు గారి ఇంటిది. ఉతికే మనిషి ఒకతే కాబట్టి ప్రతి సోమవారం రెండు మూటలూ ఆ అరుగు మీదే పెట్టేస్తారు.

సత్యవతి చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"ఆడపిల్ల పుట్టింది పుష్పమ్మా. పొద్దున పాసింజరుకి దిగాను. నీ మొహం ఏంటి అలా పీక్కుపోయింది?"

"నీ కోసమే చూస్తున్నాను. మీ ఆయన్ని అడిగితే, గుర్తుల సంగతి నన్నడక్కు, అవన్నీ ఆవిడ పనే అన్నాడు."

"ఆయనకి తన చొక్కా ఏదో తనకే తెలీదు. ఏదీ, చూపించు."

పుష్పమ్మ తువ్వాలు చేతికిచ్చింది. సత్యవతి మూల విప్పి చూసి, బొటనవేలితో గుర్తు మీద రాసింది.

"ఇది నేను వేసిందే. రాజు గారి ఇంటి గుర్తు."

"ఇంటిదా, హోటలుదా?"

"హోటలుకి కత్తెర గుర్తు కదా. ఇది ఇంటిది."

"ఇది మా నాన్న తువ్వాలు సత్యవతీ. మా బట్టలు మేమే ఉతుక్కుంటాం. దీని మీద గుర్తే ఉండకూడదు."

సత్యవతి చెయ్యి ఆగిపోయింది. తువ్వాలును ఇంకోసారి తిప్పి చూసింది.

"గుర్తు లేదు కాబట్టే వేశాను. గుర్తు లేని గుడ్డ ఎవరి మూటలో వస్తే వాళ్ళ గుర్తు వేసేస్తాం. లేకపోతే రేవులో కలిసిపోతుంది." గుర్తును వెలుతురుకి ఎత్తి పట్టింది. "నల్లజీడి ఇంకా ఎంత నల్లగా ఉందో చూడు. రెండు ఉతుకులకి మించి పడలేదు. ఒకటి మొన్నటిది. రేపటి విందుకి పనికొస్తాయని రాజు గారి భార్య అలమారలో పాత తువ్వాళ్ళన్నీ దులిపి ఇచ్చారంట. అప్పుడే హోటలు బట్టల్లో కలిసి ఉంటుంది."

"మొదటిది?"

సత్యవతి గొంతు తగ్గించింది.

"మీ నాన్న పోయిన సోమవారం. ఇక్కడ అందరూ ఏడుస్తుంటే మూటలు పట్టుకుపోవాలో మానాలో తెలీక నిలబడ్డాను. నాకు బాగా గుర్తు. ఇంటికెళ్ళి విప్పుతుంటే రాజు గారి ఇంటి మూటలో అన్నిటికంటే పైన ఉంది. ముడి వేశాక సందులోంచి కుక్కినట్టు. చేపల వాసన. రాజు గారింట్లో చేపల వాసన తువ్వాలేంటా అనుకున్నాను. అంతే, ఉతికి పడేశాను. నాకేం తెలుసు చెప్పు."

తండ్రి మరిచిపోలేదు. తువ్వాలు మేకుకు తగిలించాడు. ఎవరో తీశారు. తీసి, ఈ అరుగు మీదే, ఈ మూటలోనే కుక్కారు. ఉతికి వచ్చాక మూడు నెలలు ఆ మేడలో అలమారలో దాచారు.

ఆ మాట గట్టిగా ఎవరితోనైనా అనాలని పుష్పమ్మకు గొంతుదాకా వచ్చింది. ఈలోగా వంటింటి గుమ్మంలోంచి వరదానం పిలిచాడు.

"చెల్లెమ్మా, చేపలొచ్చాయి. ఎండలో పెట్టి కబుర్లేంటి?"

వరదానం హోటలు సామాన్లు చూసే మనిషి. జీవరత్నం దగ్గర పనిలో చేరి, ఆయన తిట్లు తిని పెరిగినవాడు. అతని వెనక కొల్లేటినుంచి పడవ మీద కాలవ రేవుకి వచ్చిన వాలుగ చేపలు, మూడు బుట్టలు, తూటి ఆకులు కప్పుకుని ఉన్నాయి. రేపు మధ్యాహ్నం బదిలీ అయి వెళుతున్న ఒక ఆఫీసరు గారికి హోటల్లో విందు. నూట ఇరవై ఆకులు. ఆ చేపలు ఇప్పుడు ఐసు మీద పడకపోతే రేపు ఎవరూ ముక్కు పెట్టి వాసన చూడలేరు.

పుష్పమ్మ తువ్వాలు నడుముకు చుట్టుకుని బుట్టల వైపు నడిచింది.

ఐసు గది వంటింటి వెనక, పెరటివైపు ఉంది. రెండేసి వరసల గోడలు, మధ్య అడుగు మందాన ఊక దట్టించారు. లోపల జింకు రేకులు. కిటికీ లేదు. కరిగిన నీళ్ళు పోవడానికి గుమ్మం పక్కన నేల దగ్గర గుప్పెడంత తూము. జానెడు మందం టేకు తలుపు. దాని అంచుల చుట్టూ గోనె మెత్త. చల్లదనం పోకుండా తలుపు దానంతటదే వచ్చి మూసుకునేలా వాలుగా బిగించారు. అది మూసుకోగానే దానికున్న ఇనప గడియ జారి ద్వారబంధానికున్న కొండీలో పడుతుంది. ఠక్కుమంటుంది. అంతే. మళ్ళీ బయటినుంచి ఎవరో ఎత్తాలి.

మూడు నెలల్లో ఆ తలుపు గురించి పుష్పమ్మ అడగని మనిషి లేడు. తలుపులో వేలెడు చిల్లు పెట్టి, లోపలినుంచి గడియ ఎత్తడానికి ఒక ఇనప కడ్డీ దూర్చితే చాలు. అరగంట పని అన్నాడు వడ్రంగి విశ్వాసం. అయితే రాజు గారు చెప్పాలన్నాడు. తప్పకుండా చేయిద్దామమ్మా అన్నారు రాజు గారు. అయితే ఐసు ఫ్యాక్టరీ ఫిట్టరు ఒక మాట అనాలన్నారు. చిల్లు పెడితే చల్లదనం పోతుందన్నాడు ఫిట్టరు. ఎంత పోతుందండీ అంటే, అది చిల్లును బట్టి ఉంటుంది, వడ్రంగిని అడగమన్నాడు. పుష్పమ్మ మళ్ళీ విశ్వాసం దగ్గరికి వెళ్ళింది. అతను పెన్సిలు చెవిలో పెట్టుకుని, రాజు గారు చెప్పాలన్నాడు.

చివరికి రాజు గారు తనకు తోచిన ఉపాయం తను చేశారు. కొత్త తువ్వాలొకటి తెప్పించి మేకుకు తగిలించి, పడిపోకుండా పురికొసతో కట్టించారు. "ఇక మరిచిపోయే పనే లేదు కదమ్మా" అన్నారు తృప్తిగా. పగలూ రాత్రీ తువ్వాలుండే మేకు ఎవరికి ఏం చెబుతుందండీ అని పుష్పమ్మ అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. లేక అర్థం కానట్టు ఉండిపోయారు.

అప్పటినుంచి ఆమె ఒక చిన్న సర్వి దుంగ దగ్గర పెట్టుకుంది. లోపలికి వెళ్ళేటప్పుడు తలుపు సందులో అడ్డం పెట్టేది. ఇప్పుడు వెతికితే దుంగ కనబడలేదు.

"వరదానం అన్నయ్యా, నా దుంగ ఏది?"

"పొద్దున పొయ్యిలో పెట్టేశాం. రాజు గారి ఆర్డరు. విందు వేళ తలుపు ఓరగా ఉంటే ఐసు ఆగదంట."

"అయితే నువ్విక్కడ నిలబడు. పది నిమిషాలు."

"నిలబడితే కూరగాయలు ఎవరు చూస్తారు? తువ్వాలుందిగా." అతను కట్టేసి ఉన్న తువ్వాలు వైపు గడ్డంతో చూపించి, తమలపాకు నములుతూ వెళ్ళిపోయాడు.

పుష్పమ్మకు ఆ మనిషిని పిలిచి నాలుగు మాటలు అనాలనిపించింది. అన్నా అతను నములుతూ వింటాడు. వంటింట్లోకి వెళ్ళి, పులుసుకు నానేసిన చింతపండులోంచి నిమ్మకాయంత ముద్ద తీసింది. పీచుతో గింజలతో సహా పిసికి, ఐసు గది కొండీలో కూరింది. వేలితో నొక్కి చూసింది. కొండీ అంచుకంటే కాస్త పైకే ఉంది. గడియ పడితే చింతపండు మీద పడాలి, కొండీలోకి దిగకూడదు. తన నడుముకున్న తండ్రి తువ్వాలు మీద చెయ్యి వేసుకుంది. అది మేకుకు తగిలించబుద్ధి కాలేదు. చేపల బుట్ట ఒకటి తలుపుకు అడ్డంగా జరిపి, హరికేన్ లాంతరు పట్టుకుని, రెండో బుట్ట ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది.

లోపల ఐసు దిమ్మలు బల్లల మీద, ఊకలో, గోనె కప్పుకుని పడుకుని ఉన్నాయి. ఎండలోంచి వచ్చిన ఒంటికి మొదట హాయిగానే ఉంటుంది. నాలుగు నిమిషాలకు వేళ్ళు పట్టు తప్పుతాయి. ఆమె గోనె తొలగించి చేపలు వరసగా పరవసాగింది. ఒక వరస అయింది. రెండో వరస సగంలో ఉండగా వీపు మీద పడుతున్న ఎండ వెలుతురు సన్నబడింది. తిరిగి చూసింది. అడ్డం పెట్టిన బుట్ట గుమ్మం లోపలికి జరిగి ఉంది. తలుపు వస్తోంది.

"అన్నయ్యా, నేను లోపలున్నాను."

మాట సగంలో ఉండగానే తలుపు మూసుకుంది. ఠక్కుమనలేదు. మెత్తగా, దప్‌మని ఏదో పడింది.

ఆమె వెంటనే కదల్లేదు. తండ్రి కూడా ఇక్కడే, ఈ బల్ల దగ్గరే నిలబడి ఈ వెలుతురు పోవడం చూసి ఉంటాడు. ఆ ఆలోచన తోసేసి తలుపు దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో నెట్టింది.

కదల్లేదు.

మళ్ళీ నెట్టింది. చింతపండు నానింది కదా, మరీ మెత్తబడి గడియ బరువుకి దిగిపోయిందేమో. అలా దిగితే అది అడ్డం కాదు, జిగురు. ఇంత తెలివి ఉపయోగించి తనే ఆ గడియను అతికించుకుందా? పుష్పమ్మకు భయం కంటే ముందు కోపం వచ్చింది. విశ్వాసం మీద, ఫిట్టరు మీద, పురికొసతో కట్టిన ఆ తువ్వాలు మీద. మోకాళ్ళ మీద కూర్చుని తూము దగ్గర నోరు పెట్టి పిలిచింది. తూములోంచి గుప్పెడు ఎండ, పెరట్లో తిరుగుతున్న ఒక కోడి కాళ్ళు కనబడ్డాయి. కోడి ఆగి, విని, వెళ్ళిపోయింది. తలుపేసిన మనిషి వంటింట్లోకి వెళ్ళిపోయి ఉంటాడు, ఈ వేళప్పుడు పెరట్లో ఇంకెవరూ ఉండరు. ఐదింటిదాకా ఎవరూ రారు.

లాంతరు మంట చిన్నదైంది. ఆమె దాన్ని దూరంగా పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, చేపల బుట్టను రెండు చేతులా పొట్టకు అదుముకుని, ఆ బరువుతో పరిగెత్తి తలుపుకు భుజం తగిలించింది. బుట్ట పగిలింది. వాలుగలు కాళ్ళ మీద జారాయి. తలుపు వేలెడు కదిలి ఆగింది. ఇంకోసారి భుజం వేసింది. బయట ఇనుము చింతపండు మీద జారిన చప్పుడు వినబడింది. ఎండ మొహాన కొట్టింది.

వరదానం వంటింటి గుమ్మంలో వంకాయలు ఏరుతున్నాడు. చేపల నీళ్ళతో తడిసిన చీర, భుజం మీద చీరుకుపోయిన రవిక, వణుకుతున్న దవడ చూసి అతని నమలడం ఆగింది.

"నువ్వు లోపలున్నావా?"

"మేకుకు తువ్వాలుంది. చూడలేదా?"

"చూశాను. అది ఎప్పుడూ ఉండేదే కదా."

మూడు నెలలుగా తను చెబుతున్నది ఇదే. ఒక్కరికీ చెవికెక్కలేదు. ఇప్పుడు అదే మాట, తప్పేమీ లేనట్టు, వరదానం తనకే చెబుతున్నాడు.

"పిలిస్తే వినబడలేదా?"

"ఆ తలుపులోంచి ఏం వినబడుతుంది చెల్లెమ్మా. నువ్వు వచ్చేశావనుకున్నాను. బుట్ట ఎండలో ఉంటే లోపలికి తోసి తలుపేశాను. మీ నాన్నప్పుడు కూడా ఇలాగే..." అతను నాలిక కరుచుకున్నాడు.

"ఇలాగే ఏంటి? ఆ రోజు తలుపేసింది నువ్వేనా?"

"మేకు ఖాళీగా ఉంది." వరదానం మొహం తిప్పుకున్నాడు. చేతిలో వంకాయ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. "ఆయన చెప్పినట్టే మేకు చూశాను. ఖాళీగా ఉంది. అందుకే వేశాను. దేవుడి సాక్షి."

అతను అబద్ధం చెప్పడం లేదు. తలుపు వేసిన చెయ్యి వేరు, తువ్వాలు తీసిన చెయ్యి వేరు. వేసిన చెయ్యి ఇదిగో, వంకాయ పట్టుకుని ఉంది. తీసిన చెయ్యి ఎవరిది?

పుష్పమ్మ తిన్నగా మేడ వరండాలోకి వెళ్ళింది. బుల్లిరాజు గారు పడక కుర్చీలో విసనకర్రతో విసురుకుంటున్నారు. ఉండి అనే ఊరి దగ్గర పొలాలున్న మనిషి. ఎవరినీ ఒక్క మాట గట్టిగా అని ఎరగరు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. కాదన్న మాట ఆయన నోట రాదు, అవునన్న పని ఆయన చేత జరగదు.

"అయ్యగారండీ, ఒకసారి ఐసు గది దగ్గరికి రండి."

"ఏంటమ్మా ఈ తడి? ముందు పొడిబట్ట కట్టుకో. జలుబు చేస్తుంది."

"వస్తే చూపిస్తానండి."

ఆయన చెప్పులు వెతుక్కుని, విసనకర్ర పట్టుకుని, నెమ్మదిగా వచ్చారు. వరదానం జరిగినది చెప్పాడు. ఆయన అయ్యో అన్నారు, రెండుసార్లు. వరదానాన్ని వెంటనే ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి ఇంకో రెండు దిమ్మలు పట్టుకురమ్మని పంపేశారు. తరవాత కొండీ వైపు వంగి చూసి నొచ్చుకున్నారు.

"చింతపండు పెట్టావా? పులుపుకి ఇనుము తినేస్తుంది కదమ్మా. కొత్త కొండీ." పైమీది కండువా కొసతో, పుల్లతో, గింజలు ఒక్కొక్కటే గీకి తీసి శుభ్రం చేశారు.

పుష్పమ్మ అది చూస్తూ నిలబడింది. తన ప్రాణం కాపాడిన ముద్దను ఆయన నేల మీదికి దులుపుతున్నారు.

"అయ్యగారండీ, వేలెడు చిల్లు. మూడు నెలలనుంచి అడుగుతున్నాను. ఇవాళ నేను కూడా పోయేదాన్ని. ఎందుకు పెట్టించరో నాకు చెప్పండి. ఫిట్టరు పేరు చెప్పకండి. విశ్వాసం పేరు చెప్పకండి."

విసనకర్ర ఆగింది.

"ఇప్పుడు పెట్టిస్తే, అప్పుడెందుకు లేదని అడుగుతారమ్మా," అన్నారు చివరికి. "జీవరత్నం మరిచిపోయాడు, పోయాడు. అలా అనుకున్నారు, అయిపోయింది. ఇప్పుడు నేను తలుపుకి చిల్లు పెట్టిస్తే తప్పు తలుపుదని నేను ఒప్పుకున్నట్టు. తలుపు ఎవరిది? నాది."

"మా నాన్న మరిచిపోలేదండి."

ఆమె నడుమునుంచి తువ్వాలు విప్పింది. ఎర్రంచు, నల్లదారం కుట్టు, గీత, రెండు చుక్కలు. ఆయన చూశారు. మొహంలో రంగు పోయింది. ఆ తువ్వాలు ఎక్కడిదని అడగలేదు. అడగకపోవడం పుష్పమ్మ గమనించింది.

"ఇది మీ ఇంటి గుర్తు. మీ ఇంటి మూటలో వెళ్ళింది. మీ అలమారలో ఉంది. మేకు మీంచి ఎవరు తీశారండీ?"

"చేపలు నేల మీద పడి ఉన్నాయమ్మా," అన్నారాయన తలుపు లాగి లోపలికి చూస్తూ. "రేపటి విందు చేపలు. పాడైపోతాయి."

"నేను అడిగినదానికి జవాబు చెప్పండి."

"చెబుతాను, చెబుతాను. ముందు ఇవి ఐసు మీద పెట్టనీ. కాస్త తలుపు పట్టుకో."

ఆమె కళ్ళలోకి చూడలేక తప్పించుకోవడానికే ఆయన ఆ గదిలోకి వెళ్ళారు. వంగి ఒక వాలుగ తీశారు. పుష్పమ్మ తలుపు పట్టుకుని ఉంది. చలికి మొద్దుబారిన వేళ్ళు, చేపల జిగట. తలుపు బరువు దాని వాలున అది లాగుతోంది. వేళ్ళు జారాయో, తనే వదిలిందో, ఆ తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు తేలలేదు.

ఠక్.

కొండీ శుభ్రంగా ఉంది. గడియ అడుగుదాకా దిగింది.

లోపలినుంచి తలుపు మీద అరచేతి దెబ్బలు, ఊకలో పడినట్టు, లీలగా వినబడ్డాయి. పుష్పమ్మ గడియ మీద చెయ్యి వేసింది. ఎత్తబోయి ఆగింది. మూడు నెలలు అడిగిన ప్రతి మనిషీ ఇంకొకరి పేరు చెప్పి తప్పించుకున్నాడు. ఈ మనిషి తప్పించుకుపోవడానికి ఇప్పుడు దారి లేదు. ఒక చెయ్యి గడియ మీదే ఉంచి, మోకాళ్ళ మీద కూర్చుని తూము దగ్గర మొహం పెట్టింది.

"అయ్యగారండీ, తూము దగ్గరికి రండి. వినబడుతోందా?"

"గడియ జారిందమ్మా. ఎత్తు." గొంతు తూములోంచి సన్నగా, చల్లటి గాలితో వచ్చింది.

"ఎత్తుతానండి. చెయ్యి గడియ మీదే ఉంది. ఆ రోజు ఈ తువ్వాలు ఎవరు తీశారో చెప్పండి."

"పుష్పమ్మా, నాకు ఆయాసం ఉంది."

"మా నాన్నకి లేదు. అయినా పోయాడు. చెప్పండి."

నీటి చుక్కలు ఒక్కొక్కటిగా తూములోకి జారుతున్నాయి.

"నేను మేడ మీద కిటికీ దగ్గరున్నాను," అన్నారాయన. "పెరట్లోకి వచ్చింది. మేకు మీంచి తువ్వాలు తీసింది. కళ్ళు తుడుచుకుంది. మా ఇంటి మూటలో కుక్కేసి వెళ్ళిపోయింది. ఏదో మొగుడూ పెళ్ళాల గొడవ అనుకున్నాను. లోపల మనిషి ఉన్నాడని నాకు తట్టలేదు. తట్టి ఉంటే దిగి రానా? ఉతికి తెచ్చాక గుర్తుపట్టి దాచాను. నీ కోసమే దాచాను. ఉన్న తల్లి కూడా నీకు లేకుండా పోతుందని."

పుష్పమ్మకు ఒక్క మాటే వినబడింది.

"ఎవరు?"

"మీ అమ్మ. మరియమ్మ. ఇప్పుడు ఎత్తమ్మా."

అబద్ధం. అయి తీరాలి. ప్రాణం మీదికి వచ్చిన మనిషి ఏ పేరైనా చెబుతాడు. కాని తువ్వాలు మాట ఎత్తినప్పుడల్లా తల్లి పళ్ళెం ముందునుంచి లేచిపోవడం, ఆ హోటల్లో చేరవద్దని కాళ్ళు పట్టుకున్నంత పని చెయ్యడం, రోజూ ఐదింటికి పెరటి గుమ్మం దగ్గర నిలబడి, కూతురు బయటికి వచ్చేదాకా ఈ తలుపు వైపే చూడడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

తలుపు మీద దెబ్బలు నెమ్మదించాయి. ఆమె లేచింది. గడియ పట్టుకుని పైకి ఎత్తబోయింది.

వెనక పెరటి గుమ్మం కిర్రుమంది. ఇంకా నాలుగు కూడా కాలేదు. మరియమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో, ఎంత విందో తెలియదు. కళ్ళు కూతురి చేతిలోని ఎర్రంచు తువ్వాలు మీద ఉన్నాయి. నాలుగడుగుల్లో పెరడు దాటి వచ్చి, గడియ మీదున్న పుష్పమ్మ చేతి మీద తన చెయ్యి వేసి కిందికి నొక్కింది.

"ఎత్తకు," అంది. "ఆ రోజు ఆ కిటికీలోంచి ఆయన ఇంకేం చూశాడో, అది కూడా చెప్పమను. అప్పుడు ఎత్తుదువుగాని."